ఆదివారం విన్నాం... సోమవారం ఏం చేద్దాం?

ఆమడగూరు ప్రాంతంలోని పల్లెల్లో తిరిగితే దారిలో వంకలు కనిపిస్తాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు వాటిలో చుక్క నీరు ఉండదు. ఇసుక చదునుగా పరుచుకుని ఉంటుంది. కొత్తగా వచ్చినవాడు చూస్తే ఇల్లు కట్టుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు ఉంటుందా అనుకుంటాడు. తవ్వడం తేలిక, బండలు పగలగొట్టే శ్రమ లేదు. కానీ ఊరి పెద్దలు అక్కడ గొడ్లపాక కూడా వేయనివ్వరు. ఎగువన కొండల్లో ఒక్క రాత్రి గట్టి వాన పడితే తెల్లారేసరికి ఆ వంక ఎలా మారుతుందో వాళ్లకు తెలుసు.

యేసు ప్రభువు కొండమీది ప్రసంగాన్ని ముగిస్తూ ఇద్దరు మనుషుల కథ చెప్పాడు. ఒకడు బండ మీద ఇల్లు కట్టాడు, మరొకడు ఇసుక మీద కట్టాడు. వాన కురిసింది, వరద వచ్చింది, గాలి కొట్టింది. ఒక ఇల్లు నిలిచింది, ఒకటి కూలింది (మత్తయి 7:24-27). పాలస్తీనాలోని లోయలు కూడా మన వంకల్లాంటివే. ఎండాకాలమంతా పొడిగా ఉండి వానాకాలంలో ఒక్కసారిగా పొంగుతాయి. అందుకే ఈ ఉపమానం అర్థం కావడానికి రాయలసీమ రైతుకు పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదు.

అయితే ఈ కథలో మనం తరచూ గమనించని సంగతి ఒకటుంది. బండ మీద కట్టినవాడు విశ్వాసి, ఇసుక మీద కట్టినవాడు అవిశ్వాసి అని చెప్పుకుంటూ ఉంటాం. ప్రభువు అలా అనలేదు. ఆ ఇద్దరూ ఆయన మాటలు విన్నవారే! ఇద్దరూ ఆ ప్రసంగానికి వచ్చినవారే. ఒకడు విని చేశాడు, ఒకడు విని ఊరుకున్నాడు. తేడా అంతే. అంటే ఈ హెచ్చరిక చర్చికి రానివారికి కాదు, ప్రతి ఆదివారం తప్పకుండా వచ్చే మనకే!

పాట బాగుంది, మాట బాగుంది

మనకు ఇప్పుడు ప్రసంగాల కొరత లేదు. ఆదివారం ఆరాధనలో ఒకటి, వారం మధ్యలో ఇంటి ప్రార్థనలో ఒకటి, వేసవిలో సువార్త మహాసభలు, టీవీలో ఉదయం సాయంత్రం, సెల్‌ఫోన్లో ఎప్పుడంటే అప్పుడు. వంట చేస్తూ వింటాం, బస్సులో వింటాం. "ఎంత బాగా చెప్పారండీ" అని పదిమందికి పంపిస్తాం. తర్వాత? మన కోపం అక్కడే ఉంటుంది. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా అక్కడే ఉంటుంది. పక్కింటివారితో ఆగిపోయిన మాటలు ఆగిపోయినట్టే ఉంటాయి.

ఇది ఈనాటి జబ్బు కాదు. క్రీస్తుకు దాదాపు ఆరు వందల ఏళ్ల ముందు, బబులోను చెరలో ఉన్న యెహెజ్కేలు ప్రవక్తకు దేవుడు ఇదే సంగతి చెప్పాడు. జనం గోడల దగ్గర, గుమ్మాల దగ్గర నిలబడి ఆయన గురించే మాట్లాడుకుంటున్నారు. రండి, విందాం అని ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. వచ్చి ఎదుట కూర్చుంటున్నారు. కానీ వాళ్లకు ఆ ప్రవక్త, తీయని గొంతుతో వాయిద్యం వాయిస్తూ పాడే గాయకుడి లాంటివాడు మాత్రమే. వింటారు, చేయరు (యెహెజ్కేలు 33:30-32). సభ నిండా జనం ఉన్నారని ఏ ప్రసంగీకుడూ మురిసిపోనక్కర్లేదని ఈ వాక్యం చెబుతోంది. మంచి పాట విన్న సంతోషంతో ఇంటికెళ్లే జనం వేరు, "ఇక మేమేం చేయాలి?" అన్న ప్రశ్నతో వెళ్లే జనం వేరు.

మేమేం చేయాలి?

ఆ ప్రశ్న బైబిల్లో ఒకచోట వరుసగా మూడుసార్లు వినిపిస్తుంది. యొర్దాను నది దగ్గర బాప్తిస్మమిచ్చు యోహాను ప్రసంగం విన్న జనం ఆయన్ని ఇదే అడిగారు. ఆయన వాళ్లకు పెద్ద సిద్ధాంతాలేమీ చెప్పలేదు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలన్నాడు. తిండి విషయంలోనూ అంతే అన్నాడు. సుంకరులు అడిగితే, నిర్ణయించిన దానికన్నా ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు. సిపాయిలు అడిగితే, ఎవరినీ బెదిరించి సొమ్ము గుంజొద్దు, తప్పుడు నేరాలు మోపొద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు (లూకా 3:10-14).

గమనించండి. సుంకరిని ఉద్యోగం మానేయమని యోహాను చెప్పలేదు. సిపాయిని తనతోపాటు అడవిలో ఉండిపొమ్మనలేదు. రేపు పొద్దున మళ్లీ అదే పనికి వెళ్లండి, అయితే నిన్నటిలా చేయకండి అన్నాడు. ప్రసంగం మనల్ని కొత్త పనిలోకి లాగడం కన్నా ముందు, చేతిలో ఉన్న పనిని శుద్ధి చేస్తుంది.

ఇదే ప్రశ్నను మన ప్రాంతంలో అడిగి చూద్దాం. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఉన్న మండలం ఆమడగూరు. వానను నమ్ముకుని చెనిక్కాయ వేసే మెట్టనేల. వాన మొహం చాటేస్తే బతుకుతెరువు కోసం బెంగళూరు దారి పట్టే కుటుంబాలెన్నో. ఈ ఊళ్లలో వాక్యం విన్న వ్యాపారి "నేనేం చేయాలి?" అని అడిగితే జవాబు అతని కాటాలోనే ఉంది. మోసపు త్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథం చెబుతోంది (సామెతలు 11:1). ధర్మవరంలో పట్టుచీర నేయించే యజమాని అడిగితే, మగ్గం మీద కూర్చున్న నేతగాడి మజూరి లెక్కలో జవాబు దొరుకుతుంది. పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీకి షిఫ్టుకు వెళ్లే కుర్రాడికి, ఎవరూ చూడని వేళ చేసే పనిలో దొరుకుతుంది. బెంగళూరులో మేస్త్రీగా ఉన్నవాడికి, ఊరి నుంచి తాను తీసుకెళ్లిన కూలీల శనివారం బట్వాడాలో దొరుకుతుంది.

కూలి సంగతి మరికాస్త చెప్పుకోవాలి. కూలివాడి కూలి ఆ రోజు పొద్దు గుంకకముందే ఇచ్చేయాలని మోషే ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది. కారణం కూడా చెప్పింది. అతడు పేదవాడు, ఆ కూలి మీదే ఆశ పెట్టుకున్నాడు (ద్వితీయోపదేశ కాండము 24:14-15). యాకోబు తన పత్రికలో ఇంకా గట్టిగా రాశాడు. చేను కోసినవారికి ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొరపెడుతుందట, ఆ కేక దేవుని చెవిన పడుతుందట (యాకోబు 5:4). ఆదివారం మనం ఎంత గొంతెత్తి పాడినా, సోమవారం మనం ఎగ్గొట్టిన కూలి అంతకన్నా గట్టిగా అరుస్తుంది. దేవుడు ఏ గొంతు ముందు వింటాడో ఆలోచించుకోవాలి.

చెనిక్కాయ పెరికాక నేలలో మిగిలిన కాయల్ని పేద ఆడవాళ్లు, పిల్లలు ఏరుకుంటూ ఉంటారు. కొందరు రైతులు వాళ్లను తరిమేస్తారు, కొందరు చూసీ చూడనట్టు పోతారు. బెత్లెహేము రైతు బోయజు అంతకన్నా ఒక అడుగు ముందుకేశాడు. పరిగె ఏరుకోవడానికి వచ్చిన విదేశీ విధవరాలు రూతు కోసం కొన్ని కంకులు కావాలనే వదలమని పనివాళ్లకు చెప్పాడు (రూతు 2:15-16). ఆమెను ఎవరూ అవమానించకూడదన్నాడు. బోయజు ఏ గుడారంలోనూ ప్రసంగం చేసినట్టు మనకు కనిపించదు. అతని చేనే అతని ప్రసంగం. ఆ రూతు వంశంలోనే దావీదు, ఆ దావీదు వంశంలోనే యేసు పుట్టారు.

తట్ట మోసేవారి మధ్య వాక్యం

కరువు మన సీమకు కొత్త కాదు. 1876-78 నాటి మహా కరువు మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల్నీ అల్లాడించింది. ఆ రోజుల్లో ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవారు. ఆయన ప్రార్థన చేసి ఊరుకోలేదు. మిషనరీ కాకముందు భూముల సర్వే పని చేసిన అనుభవం ఆయనకుంది. ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో వచ్చిన వేలమందికి అక్కడ పని, కూలి దొరికాయి. ఆయన దగ్గరి తెలుగు బోధకులు కూలీల జట్లకు అజమాయిషీ చేశారు. జనం తట్ట దించి కాసేపు కూర్చున్నప్పుడు వాళ్ల పక్కన కూర్చుని, భారం మోసి అలసినవారిని తన దగ్గరకు రమ్మని ప్రభువు పిలిచిన మాటను (మత్తయి 11:28) మళ్లీ మళ్లీ వినిపించారు.

ఆ వాక్యం చల్లని గదిలో చెప్పడం తేలికే. మట్టితట్ట మోస్తున్నవాడికి మండుటెండలో చెప్పాలంటే, సాయంత్రం అతని చేతిలో కూలి పడాలి. లేకపోతే అది ఎగతాళి అవుతుంది. క్లౌ కథలో మరో సంగతి ఇంకా గొప్పది. కరువు సహాయం సాగుతున్నంత కాలం ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదనుకున్నారు. సహాయం ముగిసిపోయి, ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆకలితో ఉన్నవాడి విశ్వాసాన్ని కొనకూడదన్న నిజాయితీ కూడా క్లౌ చేసిన ప్రసంగమే!

మరో తొంభై ఏళ్లకు ఇంకో మనిషి మన అనంతపురానికి వచ్చారు. ఆయనే విన్సెంట్ ఫెర్రర్. స్పెయిన్‌లో పుట్టి, 1952లో జెస్యూట్ సభ సభ్యుడిగా భారతదేశానికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో పేద రైతుల చేత బావులు తవ్వించారు. అక్కడినుంచి వెళ్లగొట్టినా మళ్లీ వచ్చి 1969లో అనంతపురం చేరుకున్నారు. 1970లో జెస్యూట్ సభ నుంచి బయటికొచ్చారు. ఆయన స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు చర్చి సంస్థ కాదు, అది ఎవరినీ మతం అడగలేదు. బడులు, ఇళ్లు, నీటి పనులు, ధర్మవరం దగ్గరి బత్తలపల్లిలో ఆస్పత్రి... ఈ కరువు నేల మీద ఆ సేవ కనిపించని పల్లెలు తక్కువ. 2009 జూన్‌లో ఆయన కన్నుమూసినప్పుడు కులం, మతం అన్న భేదం లేకుండా జనం తరలివచ్చి ఏడ్చారు. గాయపడినవాణ్ని చూసి ఎవరివాడని అడగకుండా ఆగిన మంచి సమరయుడి కథ (లూకా 10:30-37) మనం చాలాసార్లు విన్నాం. ఆ కథను మన జిల్లా కళ్లారా చూసింది కూడా.

మంచి పనులా? కృపా?

ఇదంతా విని, "అయితే మంచి పనులతోనే రక్షణ వస్తుందా?" అని ఎవరైనా అడగవచ్చు. రాదు. రక్షణ కృప చేతనే అని పౌలు ఎఫెసీయులకు స్పష్టంగా రాశాడు. కానీ ఆ వెంటనే, దేవుడు మనల్ని సత్‌క్రియల కోసమే సృష్టించాడని కూడా రాశాడు (ఎఫెసీ 2:8-10). వేరు కృపది, కాయ క్రియలది. పైన ఆకు ఎంత పచ్చగా ఉన్నా, పెరికి చూస్తే ఊడల్లేని చెనిక్కాయ చెట్టును చూసి ఏ రైతు సంతోషిస్తాడు?

తండ్రి ఇద్దరు కొడుకుల్ని తోటలో పని చేయమన్న కథ ప్రభువు చెప్పాడు. ఒకడు పోనన్నాడు గానీ తర్వాత మనసు మార్చుకుని వెళ్లాడు. రెండోవాడు "వెళ్తానయ్యా" అన్నాడు గానీ వెళ్లలేదు (మత్తయి 21:28-31). ఆదివారం మనం చెప్పే ప్రతి "ఆమెన్" ఆ రెండోవాడి మాటలా గాలిలో కలిసిపోకూడదు. మొన్నటిదాకా పోనన్నవారికి కూడా ఈ కథలో ఆశ ఉంది. తోట ఇంకా అక్కడే ఉంది, పొద్దు ఇంకా గుంకలేదు.

ప్రసంగించేవారికి ఈ బాధ్యత రెండింతలు. ఇతరులకు ప్రకటించి తానే భ్రష్టుడనవుతానేమోనని పౌలంతటివాడే భయపడ్డాడు (1 కొరింథీ 9:27). మన ప్రసంగానికి మొదటి శ్రోత మన ఇంటివాళ్లే. పీఠం మీద ప్రేమ గురించి చెప్పినాయన ఇంట్లో భార్యను కసురుకుంటే, ఆ ప్రసంగం పిల్లల దృష్టిలో అక్కడే ముగిసిపోతుంది.

మరి విన్నవారు ఏం చేయాలి? పది పనులు పెట్టుకుంటే ఒక్కటీ జరగదు. వచ్చే ఆదివారం, చర్చి నుంచి ఇంటికొచ్చే దారిలో ఒకే ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఈ వాక్యాన్ని బట్టి రేపు నేను చేయాల్సిన పని ఏమిటి? అది ఎప్పుడో తీసుకున్న చేబదులు తిరిగివ్వడం కావచ్చు. బోరులో నీళ్లున్నప్పుడు, ఎండిపోతున్న పక్క చేనుకు ఒక తడి ఇవ్వడం కావచ్చు. బెంగళూరు నుంచి ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మకు ఫోన్ చేసి, డబ్బు సంగతి కాకుండా ఆమె మోకాళ్ల నొప్పి సంగతి అడగడం కావచ్చు. జక్కయ్య లాగా, అన్యాయంగా తీసుకున్నది లెక్కగట్టి తిరిగిచ్చేయడం కావచ్చు (లూకా 19:8). ఆ ఒక్క పని పూర్తయ్యాకే ఆ ప్రసంగం ముగిసినట్టు. అప్పటిదాకా పాస్టరుగారు "ఆమెన్" అన్నా అది ముగియలేదు.

వంకలో ఇసుక ఏళ్ల తరబడి చదునుగానే కనిపిస్తుంది. అక్కడ కట్టిన ఇల్లూ, బండ మీద కట్టిన ఇల్లూ ఎండాకాలంలో ఒకేలా ఉంటాయి. మన విశ్వాసం కూడా అంతే. కష్టం రానంతకాలం విన్నవాడికీ, విని చేసినవాడికీ తేడా తెలియదు. జబ్బు, అప్పు, చావు, అవమానం... వీటిలో ఏదో ఒక వరద ఎప్పుడో ఒక రాత్రి చెప్పకుండా వస్తుంది. పునాది ఆ రాత్రి తవ్వుకునేది కాదు. సోమవారం పొద్దున, ఎండ కాస్తుండగానే, మొదలుపెడదాం.