పెరటి పాదులపై దుప్పుల దాడి

నల్లమల అంచు గ్రామాల్లో, అటు ఆత్మకూరు, దోర్నాల వైపైనా, ఇటు అమ్రాబాద్ వైపైనా, చాలా కూలి కుటుంబాలకు పొలమంటూ ఉండదు. ఉన్నదల్లా గుడిసె వెనక కాస్త పెరడు. ఒక చిక్కుడు పాదు, నాలుగు బెండ మొక్కలు, ఇంత గోగు. పని దొరకని రోజున కూర అదే. అందులో ఒక్క రాత్రి దుప్పుల మంద పడిందంటే తెల్లారేసరికి మోళ్ళు మిగులుతాయి. ఎకరాల్లో కొలిచే లెక్కలకు ఈ నష్టం అందదు.

ఎండాకాలం అడవిలో గడ్డీ నీరూ ఎండుతాయి. లాంటానా కంప కమ్మిన చోట గడ్డే మొలవదు. ఇక దుప్పి ఊరిమీదికి రాక ఏం చేస్తుంది? చీకటిపడ్డాక వస్తుంది, లేత ఆకు వెతుక్కుంటుంది, వెనక కాళ్ళ మీద లేచి పందిరి తీగనూ అందుకుంటుంది. దాన్ని చంపినా, ఉచ్చు వేసినా 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరమే.

కాబట్టి దడి సంగతి చూద్దాం. ఒక్క వరస దడి అయితే ఏడెనిమిది అడుగుల ఎత్తుండాలి. అంత కర్ర కూలివాడికెక్కడిది? దుప్పి ఎత్తూ దూకగలదు, దూరమూ దూకగలదు. రెండూ ఒక్క దూకులో చేయలేదు. అందుకని నాలుగేసి అడుగుల ఎత్తున రెండు వరసలు, మధ్య నాలుగడుగుల ఎడంతో కట్టండి. తుమ్మకంప, రేగుకంప చాలు. పెరడు చిన్నదైతే అదీ ఒక మేలే: లోపల కాలు మోపే చోటు కనబడకపోతే దూకడానికి జంకుతుంది. అడుగున మాత్రం సందు లేకుండా కంప కుక్కాలి, దూకడంకన్నా దూరడమే దానికి తేలిక. పాత చేపల వల కట్టొద్దు. కొమ్ములు చిక్కి జంతువు చస్తే కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

పాత చీరలు కడితే నాలుగు రోజులు బెదురుతుంది, తర్వాత అలవాటుపడుతుంది. కుళ్ళిన గుడ్ల నీళ్ళలో ముంచిన గుడ్డపేలికలు దడికి వేలాడదీయడం కొంత నయం. వాన పడితే మళ్ళీ ముంచాలి. తినే ఆకుమీద మాత్రం చల్లొద్దు.

కరెంటు తీగ జోలికి అసలు పోవద్దు. మోతుబరి చేను చుట్టూ లాగిన తీగకు, తెల్లవారుజామున నీళ్ళు పెట్టబోయిన పాలేరు బలైన వార్తలు ఎన్ని చదవలేదు! సోలార్ కంచె వేరు. అది క్షణంపాటు కొట్టి వదులుతుంది, సరిగా బిగిస్తే ప్రాణం తీయదు. ఒక్క గుడిసెవాడు కొనగలిగింది కాదు. వాడ మొత్తానికి ఒకే కంచె సర్కారు ఖర్చుతో వేయాలని గ్రామసభలో పట్టుబట్టాలి. పరిహారం కూడా పట్టా ఉన్నవాడికే కాదు, మొక్క పెంచినవాడికి దక్కాలి.

పెరడు పాడైన రోజు గిట్టల గుర్తులు చెరగకముందే ఫోటో తీయించండి. నష్టపోయిన ఇళ్ళవాళ్ళంతా కలిసి ఒకే దరఖాస్తు రేంజి ఆఫీసులో ఇచ్చి, నకలు మీద ముద్రా తేదీ వేయించుకునేదాకా అక్కణ్ణించి కదలొద్దు.