పాత యింటి గాలిదారులు



పాత యిల్లు కొనవలసివచ్చినప్పుడు మనము దూలములకు చెద పట్టినదేమోయని తట్టి చూతుము, నూతినీరు తీపో ఉప్పో రుచి చూతుము, దస్తావేజులు చదివింతుము. గోడలలోను కప్పులోను ఉన్న కంతలను మాత్రము ఎవ్వరును లెక్కపెట్టరు. ఎందుకున్నవో తెలియని కంతలను ఎలుకలు వచ్చునని మూసివేయుదుము. లేదా ఉన్నవి గదాయని వదలివేయుదుము. ఈ రెండును తొందరపాటులేయని నాకు తెలిసిన విధమును నేడు మనవిచేసెదను.

గడచిన మార్గశిరమాసమున మా బావమరది కృష్ణాతీరమున నొక పల్లెలో మండువా లోగిలి కొనదలచి నన్ను వెంటబెట్టుకొని పోయెను. ఇంటి యజమానురాలు డెబ్బదియేండ్ల వృద్ధురాలు. ఆమెయే గదులన్నియు తిప్పి చూపినది.

పెద్దగదిలో దూలమునకు వరుసగా నాలుగు ఇనుప కొక్కెములు, వసారావైపు గోడలో తలకంటె ఎత్తున నొక చిన్న కంత, అందులో అరిగిపోయిన కఱ్ఱకప్పీ కనబడినవి. "బావగారూ, ఇవి ఉయ్యాలకా?" యని మా బావమరది అడిగెను. కావు. అది పంకా లాగిన గది. కొక్కెములకు గుడ్డపంకా వ్రేలాడుచుండెడిది. దాని త్రాడు కప్పీ మీదుగా కంతగుండ వసారాలోనికి పోయెడిది. అచట నొక మనిషి వేసవియంతయు కూర్చుండి లాగెడివాడు. విద్యుత్తు పంకా వచ్చినపిమ్మట త్రాడును పోయినది, లాగువాడును పోయినాడు. ఆ కంతకు నేడు పని లేదు. మూసినను కీడు లేదు.

వంటయింటి కప్పున పొగగూడు ఉన్నది గాని, దానిపై రేకు కప్పియున్నది. గ్యాసు వచ్చినది గదాయని కప్పించితిమని ఆమె చెప్పినది. అయినను మూలనున్న కట్టెలపొయ్యిలో బూడిద ఇంకను వెచ్చగానే యున్నది! వేడిపొగ పైకి పోవును గనుక దాని దారి పైననే యుండవలెను. కట్టెలపొయ్యి రగులుచున్నంతకాలము ఆ రేకు అచట ఉండరాదు. అదే గదిలో నేలనంటి మఱియొక కంత ఇటుకతో మూయబడియున్నది. వంటగ్యాసు గాలికంటె 1½ మొదలు 2 రెట్లు బరువైనది. కారినచో పైకి పోక నేలబారుగా నిలుచును. క్రింది కంత దానికి దారి. ఎలుకల భయమున్నచో ఇనుపజల్లెడ బిగింపవచ్చును, ఇటుక తగదు.

ఇక స్నానపుగది. అచట నీళ్లు కాచు గ్యాసు గీజరు ఉన్నది. దాని నెత్తినుండి రేకుగొట్టము గోడలోనికి పోయినది. నేను వెలుపలికి పోయి చూచితిని. గొట్టపు మొన యెచటను లేదు. నున్నని సిమెంటుపూత మాత్రమే యున్నది. రెండేండ్ల క్రిందట గోడకు పూత వేసిన మేస్త్రి, ఆ కంత యెందులకో తెలియక, పూడ్చివేసినాడు. "చలికాలములో మా కోడలు స్నానము చేస్తూ రెండుమార్లు సొమ్మసిల్లిందండీ; నీరసమని టానిక్కులు తాగిస్తున్నాము" అని వృద్ధురాలు చెప్పగా నా గుండె ఝల్లుమన్నది.

గాలి చాలనిచోట మంట మండినప్పుడు కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. మనము విడుచు బొగ్గుపులుసు వాయువు వేరు, ఇది వేరు. దీనికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువును మోయు పదార్థమును ఇది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. తలనొప్పి, వికారము, కన్నులు తిరుగుట, పిమ్మట స్మృతి తప్పుట దీని లక్షణములు. మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించువారిని చంపునదియు ఇదియే.

ఆ క్షణముననే గీజరు ఆపించితిని. కోడలిని వైద్యునికి చూపి, గీజరు సంగతి తప్పక చెప్పవలెనంటిని. గీజరును స్నానపుగది వెలుపలికి, గాలి యాడుచోటికి మార్పించిరి.

పెద్దలారా, ఇల్లు చూడబోయినప్పుడు గోడలోనికి పోవు ప్రతి గొట్టమును, ప్రతి కంతను లోపల లెక్కించి, పిమ్మట వెలుపల లెక్కింపుడు. లెక్క తేడా వచ్చినచోట నిలిచి విచారింపుడు. సన్నని కాగితపు పీలికను కంతయొద్ద పట్టుడు. అది కదలినచో గాలి ఆడుచున్నది. కదలనంతమాత్రమున దారి మూసికొన్నదని నిశ్చయింపరాదు. గాలి స్తంభించిన వేళయు కావచ్చును. గ్యాసు వాసన తగిలినచోట మాత్రము అగ్గిపుల్ల గీయకుడు, విద్యుత్తు మీట తాకకుడు. కంతను మూయుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనుడు: ఒకప్పుడు దీనిగుండ ఏమి పోయెడిది? నేడు అది యే దారిని పోవుచున్నది? రెండవదానికి జవాబు దొరకనంతవఱకు తాపీ ముట్టకుడు.

కోడలు మరల సొమ్మసిల్లలేదని ఆ వృద్ధురాలు మొన్న కబురంపినది. సెలవు.