యంత్ర పరిణామం – చోదకానుభవం: సింగరేణి ప్రాంత వాహనాల ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం:
పాత తరం వాహనానికి టర్బోచార్జర్, ఇంధన ఇంజెక్షన్, ఎలక్ట్రానిక్ నియంత్రణ తోడైనప్పుడు దానిని నడిపే అనుభవం మారుతుంది. ఆ మార్పు స్వరూపాన్ని మందమర్రి, రామగుండం ప్రాంతాలకు పరిచితమైన బుల్లెట్ మోటార్ సైకిల్, ఓపెన్‌కాస్ట్ గని డంపర్ ఆధారంగా, పోర్షే 911 స్పోర్ట్స్ కారుతో పోల్చి ఈ వ్యాసం వివరిస్తుంది. వాహనాన్ని నడపడంలోని ‘మజా’ కేవలం భావోద్వేగం కాదని, యంత్రం మనిషికి అందించే సమాచారమే దానికి మూలమని, ఆ సమాచారం చేతికీ చెవికీ కాక కంటికి చేరుతున్నకొద్దీ వాడుక భాష కూడా మారుతోందని ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: చోదకానుభవం, టర్బోచార్జర్, బుల్లెట్, సింగరేణి, డంపర్, వృత్తి పదజాలం, ధ్వన్యనుకరణ.

1. ఉపోద్ఘాతం

మంచిర్యాల, బెల్లంపల్లి పట్టణాల మధ్య ఉన్న మందమర్రి బొగ్గుగనుల ఊరు. ఇక్కడి జీవితంలో యంత్రం బయటి వస్తువు కాదు. భూగర్భ గనిలోని హాలేజీ నుండి ఓపెన్‌కాస్ట్‌లోని డంపర్ వరకు, కార్మికుని ఇంటిముందు నిలిచే మోటార్ సైకిల్ వరకు యంత్రంతో మనిషికి దైనందిన సంబంధం ఉంది. అందుచేత కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ దానిని పాతదానితో పోల్చడం ఇక్కడ సహజంగా జరుగుతుంది. ఆ పోలికలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: ‘పాత బండిలో ఉన్న మజా దీంట్ల లేదు’.

ఈ మాటను వయసు మళ్లినవారి గతస్మృతిగా తీసిపారేయడం సులభం. కొత్త బండి వేగంగా పోతుంది, తక్కువ పొగ విడుస్తుంది, దారిలో ఆగిపోదు. అయినా లేనిదేదో ఉన్నదని నడిపేవారికి తోస్తుంది. ఆ ‘లేనిది’ ఏమిటో తెలియాలంటే మొదట చోదకానుభవం అనే భావనను విడమరచి చూడాలి.

2. చోదకానుభవం: మూడు మార్గాలు

వాహనాన్ని నడిపే మనిషికి యంత్రం మూడు మార్గాలలో తన స్థితిని తెలియజేస్తుంది. మొదటిది స్పర్శ: హ్యాండిల్, స్టీరింగ్, సీటు, పెడల్ ద్వారా అందే కంపనం, బరువు, ప్రతిఘటన. రెండవది ధ్వని: ఇంజను మోత, గేర్ల రొద, గాలి శబ్దం. మూడవది స్పందన: కాలు నొక్కినంతకు, చేయి తిప్పినంతకు బండి ఎంత త్వరగా, ఎంత పరిమాణంలో బదులిస్తుందన్నది. ఈ మూడూ కలిసి నడిపేవానికి అప్రయత్నంగా అందే జ్ఞానమే చోదకానుభవం.

గని కార్మికునికి ఈ విషయం వేరే రూపంలో తెలుసు. భూగర్భంలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును కడ్డీతో తట్టి చూస్తారు. గట్టి రాయి ఖంగుమంటుంది. పొరలు విడిన రాయి డొల్లగా పలుకుతుంది. ఆ తేడాను పట్టుకొనే చెవి ప్రాణాన్ని కాపాడుతుంది. ఇక్కడ ధ్వని ఆనందం కోసం ఉద్దేశించినది కాదు, అది వార్త. వాహనం విషయంలోనూ అనుభూతిని ఈ దృష్టితో చూస్తే చర్చ స్పష్టమవుతుంది.

3. బుల్లెట్: చేతి నుండి సెన్సార్‌కు

ఇంగ్లండులోని రెడిచ్‌కు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, మద్రాసు మోటార్స్ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. ఆ సంస్థ తయారుచేసిన 350 సీసీ బుల్లెట్ దశాబ్దాల పాటు పెద్ద మార్పు లేకుండా కొనసాగింది. సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 90 మిల్లీమీటర్లు. వ్యాసం కన్నా నడక ఎక్కువ కావడం, బరువైన ఫ్లైవీల్ ఉండడం వల్ల ఇంజను నెమ్మదిగా తిరుగుతూనే బలంగా లాగేది. ఒక్కొక్క పేలుడు విడివిడిగా వినిపించేది. హ్యాండిల్‌లోనూ, కాళ్ల కింద ఫుట్‌రెస్ట్‌లోనూ తెలిసేది.

ఈ బండిని స్టార్ట్ చేయడమే ఒక విద్య. తాళం తిప్పి కిక్కును మెల్లగా నొక్కుతూ పోతే అమ్మీటరు ముల్లు మధ్యకు వస్తుంది. పిస్టన్ ఎక్కడున్నదో ఆ ముల్లు చెబుతుంది. అప్పుడు డీకంప్రెసర్ మీట పట్టుకొని కిక్కును మరికొంచెం దించి, మీట వదిలి, కిక్కును పైనుండి ఒక్కసారిగా కొట్టాలి. వరుస తప్పితే కిక్కు వెనక్కు తన్నేది. గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. చలికాలంలో చోక్ ఎంత ఇవ్వాలి, ప్లాటినం పాయింట్ల సందు ఎంత ఉండాలి అన్నవి నడిపేవాడు తెలుసుకొని తీరవలసిన విషయాలు.

1994లో ఈ సంస్థ ఐషర్‌లో విలీనమైన తరువాత మార్పుల వేగం పెరిగింది. గేర్లు ఎడమకాలికి మారాయి. సెల్ఫ్ స్టార్ట్ వచ్చింది. పోత ఇనుము ఇంజను స్థానంలో అల్యూమినియం ఇంజను వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి రావడంతో కార్బ్యురేటర్ స్థానాన్ని ఇంధన ఇంజెక్షన్ పూర్తిగా ఆక్రమించింది. 2021లో క్లాసిక్‌కు, 2023లో బుల్లెట్‌కు వచ్చిన కొత్త 349 సీసీ ఇంజనులో వ్యాసం 72, నడక 85.8 మిల్లీమీటర్లు. పిస్టన్ కదలిక వల్ల పుట్టే కంపనాన్ని ఎదురు బరువుతో అణచివేసే బ్యాలెన్సర్ షాఫ్ట్ దీనిలోని ముఖ్యమైన మార్పు.

ఫలితం రెండు విధాలుగా ఉంది. దూర ప్రయాణంలో చేతులు తిమ్మిరెక్కవు, అద్దాలు అదరవు, బోల్టులు వదులు కావు. అదే సమయంలో ఇంజను లోపల ఏం జరుగుతున్నదో హ్యాండిల్ ద్వారా తెలిసే మార్గం సన్నగిల్లింది. ఇంధనం, గాలి పాళ్లను మునుపు మనిషి చెవితో గుర్తించి సరిచేసేవాడు. ఇప్పుడు ఆక్సిజన్ సెన్సార్ గుర్తిస్తుంది, కంట్రోల్ యూనిట్ సరిచేస్తుంది. వార్త ఆగిపోలేదు, దానిని అందుకొనేవారు మారారు.

4. టర్బోచార్జర్: స్పందనలో మార్పు

బుల్లెట్ విషయంలో మార్పు ప్రధానంగా స్పర్శకూ ధ్వనికీ సంబంధించినది. స్పందన అనే మూడవ మార్గంలో మార్పును గమనించడానికి టర్బోచార్జర్ తగిన ఉదాహరణ.

సాధారణ ఇంజను వాతావరణ పీడనంతో వచ్చినంత గాలినే పీల్చుకుంటుంది. ఇంజను విడిచే వేడి వాయువులతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు అమర్చిన మరొక చక్రంతో బయటి గాలిని ఒత్తి సిలిండరులోకి పంపే పరికరం టర్బోచార్జర్. స్విట్జర్లాండుకు చెందిన ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో ఈ భావనకు పేటెంట్ పొందాడు. ఎక్కువ గాలికి తగినట్లు ఎక్కువ ఇంధనం మండించవచ్చు కాబట్టి చిన్న ఇంజను పెద్ద ఇంజనుతో సమానంగా పనిచేస్తుంది.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది. వాయువులు బలంగా వెలువడితే గాని చక్రం వేగం అందుకోదు. చక్రం వేగం అందుకుంటే గాని అదనపు గాలి రాదు. కాలు నొక్కిన క్షణానికీ బలం వచ్చే క్షణానికీ మధ్య ఏర్పడే ఈ జాప్యాన్నే ‘టర్బో ల్యాగ్’ అంటారు. కాలికీ చక్రానికీ మధ్య ఉన్న నేరు సంబంధంలోకి మూడవ వస్తువు ప్రవేశించిందన్నమాట.

దీనికి ప్రసిద్ధమైన నిదర్శనం జర్మనీకి చెందిన పోర్షే 911. 1963లో ప్రదర్శితమైన ఈ కారులో ఆరు సిలిండర్ల ఇంజను వెనుక ఇరుసుకు ఇంకా వెనుక ఉంటుంది. 1974లో పారిస్ ప్రదర్శనలో దీని టర్బో రూపం వెలువడింది: 3 లీటర్ల ఇంజను, 260 హార్స్ పవర్. తక్కువ వేగంలో మందకొడిగా ఉండి, కొంత జాప్యం తరువాత బలం ఒక్కుమ్మడిగా వచ్చేది. బరువంతా వెనుక ఉన్న కారులో, మలుపు మధ్యలో ఆ బలం వచ్చిపడితే వెనుక భాగం బయటికి జారేది. నేర్పరులు ఆ జాప్యాన్ని ముందుగా లెక్కగట్టి కాలు కదపడం నేర్చుకున్నారు.

2015లో ప్రామాణిక 911 కరేరాకు కూడా రెండు టర్బోలతో కూడిన 3 లీటర్ల ఇంజను అమర్చారు. అంతకుముందున్న టర్బో లేని ఇంజను తన గరిష్ఠ టార్క్ 390 న్యూటన్ మీటర్లను నిమిషానికి 5,600 చుట్ల వద్ద అందించేది. కొత్తది 450 న్యూటన్ మీటర్లను 1,700 నుండి 5,000 చుట్ల వరకు ఒకే తీరుగా అందిస్తుంది. ఈ అంకెలు అనుభవ భేదాన్ని స్పష్టంగా చెబుతాయి. పాత ఇంజనులో చుట్లు పెరిగేకొద్దీ బలం, మోత కలిసి పెరిగేవి. ఎప్పుడు గేరు మార్చాలో చెవికే తెలిసేది. కొత్తదానిలో ఎక్కడ నొక్కినా బలం సిద్ధంగా ఉంటుంది. కారు వేగం పెరిగింది. ఎదురుచూపు, అందుకోవడం అనే క్రమం తగ్గింది. వాయువుల దారిలో టర్బో చక్రం అడ్డుగా ఉండడంతో మోత కూడా మెత్తబడింది. 2024లో వచ్చిన కరేరా జీటీఎస్‌లో టర్బో చక్రాన్ని విద్యుత్ మోటారుతో తిప్పి మిగిలిన జాప్యాన్ని కూడా తొలగించే ప్రయత్నం చేశారు.

5. గని డంపర్: కొత్త అనుభూతి

టర్బో సింగరేణికి దూరపు విషయం కాదు. మందమర్రి, రామగుండం ప్రాంతాల ఓపెన్‌కాస్ట్ గనులలో మట్టిని, బొగ్గును మోసే 35, 60, 100 టన్నుల డంపర్లు టర్బో డీజిల్ ఇంజనులతో నడుస్తాయి. అంత బరువుతో గని అడుగు నుండి ఏటవాలు దారిలో పైకి ఎక్కడానికి టర్బో తప్పనిసరి అవసరం.

ఇక్కడ గమనించవలసిన అంశం ఏమంటే, టర్బో పాత అనుభూతిని తగ్గించడంతో పాటు కొత్త అనుభూతిని కూడా పుట్టించింది. లోడుతో ఎక్కేటప్పుడు టర్బో సన్నని ఈల వేస్తుంది. ఆ ఈల తీరు మారినా, నల్లపొగ పెరిగినా గాలి సరిగా అందడం లేదని అనుభవం ఉన్న ఆపరేటరు గ్రహిస్తాడు. బరువు ఎత్తి వచ్చిన ఇంజనును వెంటనే ఆపకూడదు. కొన్ని నిమిషాలు ఖాళీగా తిరగనివ్వాలి. లేకపోతే వేడెక్కిన టర్బో బేరింగులకు నూనె అందక చెడిపోతాయి. ఇది కార్బ్యురేటర్ తరానికి అవసరం లేని జ్ఞానం. టర్బోతో పుట్టిన కొత్త వృత్తి జ్ఞానం.

కనుక సాంకేతికత అనుభూతిని చంపుతుందన్న వాదం సగం సత్యమే. అది ఒక జ్ఞానాన్ని తొలగించి మరొకదానిని కోరుతుంది. అసలు ప్రశ్న ఆ మార్పులో మనిషి పాత్ర ఏమిటన్నది. ఏటవాలులో దిగే డంపర్‌కు రిటార్డర్ భద్రత ఇస్తుంది, మూసి ఉన్న క్యాబిన్ దుమ్ము నుండీ మోత నుండీ ఆపరేటరు ఊపిరితిత్తులనూ చెవులనూ కాపాడుతుంది. ఈ లాభాలను కాదనడం శ్రామికుని ఆరోగ్యాన్ని కాదనడమే. కానీ అదే క్యాబిన్ బయటి ధ్వనిని కూడా అడ్డుకుంటుంది కాబట్టి, ఈల చెప్పే వార్తను ఇకపై డిస్‌ప్లే చెప్పాలి. దానిని చదవడంలో ఆపరేటరుకు తగిన శిక్షణ, తనకు తెలిసిన భాషలో, లభించాలి.

6. వార్త లేని మోత

సమాచారం పోయిన చోట దాని ఆకారాన్ని మాత్రం నిలుపుకోవాలన్న ఆరాటం కనిపిస్తుంది. కొన్ని ఖరీదైన కార్లలో ఇంజను మోతను స్పీకర్ల ద్వారా లోపల వినిపిస్తున్నారు. మన పట్టణాలలో యువకులు కంపెనీ సైలెన్సర్ తీసివేసి పెద్ద మోత చేసేది బిగించుకుంటున్నారు. పోలీసులు వాటిని జప్తు చేసి రోడ్డు రోలరుతో తొక్కిస్తున్నారు. పద్ధతి వేరైనా రెండింటి స్వభావం ఒకటే. పాత బుల్లెట్ మోత ఇంజను స్థితిని నడిపేవానికి చెప్పేది. మార్చిన సైలెన్సర్ మోత నడిపేవాని ఉనికిని దారిన పోయేవారికి చెబుతుంది. మొదటిది సమాచారం, రెండవది అలంకారం. ఊరికి అది బాధ కూడా.

ఈ మోతకు సాంస్కృతిక విలువ లేదని దీని అర్థం కాదు. 2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ పాటలో బండి ధ్వనికి అనుకరణ పదమే పల్లవికి ఊపు. అదే సంవత్సరం ఆగస్టులో మంచిర్యాల జిల్లాలో ఒక వధువు పెళ్లి ఊరేగింపులో ఈ పాటకు చేసిన నృత్యం రాష్ట్రమంతటా ప్రచారమైంది. యంత్రంలో కంపనం తగ్గుతున్న కాలంలోనే ఆ కంపనాన్ని అనుకరించే మాట పాటలో స్థిరపడడం గమనార్హం.

7. భాషలో జాడ

పాత తరం వాహనాల గురించి తెలంగాణ వాడుకలోని క్రియలను పరిశీలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. బండి ‘లాగుతలేదు’, ‘గుంజుతుంది’, ‘మొరాయించింది’, ‘మాట వింటలేదు’, ‘మిస్ కొడుతుంది’, ‘పొగ కక్కుతుంది’. వీటిలో అధికభాగం ఎడ్లకు వాడినవే; ‘బండి’ అన్న పేరే అక్కడి నుండి వచ్చింది. యంత్రాన్ని ప్రాణిగా, తనతో పెనుగులాడే సహచరునిగా ఈ క్రియలు భావిస్తాయి. పైగా ఇవి చేతికీ చెవికీ తెలిసిన సంగతులను చెప్పేవి.

కొత్త తరం వాహనాల గురించిన మాటలు వేరు: ‘చెక్ లైట్ వచ్చింది’, ‘వార్నింగ్ చూపిస్తుంది’, ‘మోడ్ మార్చాలె’, ‘స్కాన్ చేయించాలె’. ఇవి కంటికి సంబంధించినవి. లోపాన్ని గుర్తించేది మనిషి కాదు, యంత్రమే. నడిపేవాడు దాని నివేదికను చదివే పాఠకుడు. సాంకేతిక మార్పు చోదకానుభవంలో తెచ్చిన తేడాను ఈ రెండు క్రియావర్గాల భేదం చక్కగా పట్టి ఇస్తుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ పదజాలాన్ని భద్రపరచింది. నాగలి, కాడి, గుంటక మారిపోకముందే వాటి భాగాల పేర్లు గ్రంథస్థమయ్యాయి. అల్లం రాజయ్య, పి.చంద్ వంటి రచయితల కథలలో, నవలలలో గని జీవితం నమోదైంది. మెకానిక్ షెడ్డులో, డంపర్ క్యాబిన్‌లో, కిక్కు కొట్టిన తరం నోట నిలిచిన మాటలకు కూడా అటువంటి క్షేత్ర సేకరణ అవసరం. ఆ తరం సింగరేణి నుండి ఉద్యోగ విరమణ చేస్తున్నది.

8. ముగింపు

చోదకానుభవం యంత్రానికీ మనిషికీ మధ్య జరిగే సంభాషణ. బ్యాలెన్సర్ షాఫ్ట్ ఆ సంభాషణలో స్పర్శను తగ్గించింది. ఇంజెక్షన్ మనిషి నిర్ణయాన్ని సెన్సార్‌కు అప్పగించింది. టర్బోచార్జర్ కాలికీ బలానికీ మధ్య సంబంధాన్ని తిరగరాసింది. వీటివల్ల పొగ తగ్గింది, భద్రత పెరిగింది, శ్రమ తగ్గింది. ‘మజా లేదు’ అన్న మాట ఈ లాభాలను నిరాకరించే మాట కాదు. తనకు చేరవలసిన సమాచారం వేరే దారి పట్టిందని నడిపేవాడు చేసే ఫిర్యాదు. పైకప్పును తట్టి విన్న చెవి ఉన్న ప్రాంతంలో ఆ ఫిర్యాదుకు బరువుంది. యంత్రాన్ని వెనక్కు తిప్పలేకపోయినా, దానిని తెలుసుకొన్న పద్ధతినీ, ఆ పద్ధతిని మోసిన మాటలనూ నమోదు చేయడం భాషా పరిశోధకులకు సాధ్యమైన పని.