మీకు తెలుసా? వెక్కిరింతా, టోకరా ఒకే క్రియలో!

స్పానిష్‌లో 'బుర్లార్' అనే క్రియ ఉంది. 'బుర్లార్సె దె' అంటే ఎవరినో వెక్కిరించడం, ఇంగ్లిష్‌లో 'మాక్'. ఒట్టి 'బుర్లార్' అయితే కళ్లుగప్పడం, టోకరా వేయడం. కాపలావాళ్ల కన్నుగప్పి దాటిపోతే 'ఇవేడ్', ఎత్తుకు పైఎత్తు వేస్తే 'ఔట్‌విట్' అని అనువదిస్తారు. 1630 ప్రాంతంలో అచ్చయిన, తిర్సో దె మొలీనా రాసినట్టు చెప్పే నాటకం పేరులోనే దాని నాయకుడు డాన్ హువాన్ 'సెవిల్లె బుర్లదోర్'. చీకట్లో మరొకరిలా నటించి ఆడవాళ్లను వంచించే ఇతణ్ని కొందరు ఇంగ్లిష్ అనువాదకులు 'ట్రిక్‌స్టర్' అన్నారు. ఆ మాట మరీ మెత్తన. పరువు పోగొట్టుకున్న ఆ స్త్రీల గోడు అందులో వినిపించదు. ఎద్దుల పోరు బరిలో ఉండే చెక్క అడ్డు పేరు కూడా ఈ క్రియ నుంచే వచ్చింది: 'బుర్లదేరో'. కొమ్ములు మీదికొస్తుంటే పోరాటగాడు చటుక్కున దాని వెనక్కి దూరిపోతాడు.