ఆగని గుండు, ఒక్క స్విచ్

పాలిటెక్నిక్‌లో 19 ఏళ్లుగా కంప్యూటర్ ల్యాబ్ చూస్తున్నాను. మా పాఠ్యపుస్తకంలో తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఎనియాక్ ఫొటో ఉంది. గోడ పొడవునా యంత్రం, దాని ముందు కేబుళ్లు మారుస్తూ ఇద్దరమ్మాయిలు. కింద యంత్రం పేరొక్కటే వేశారు. "మేడమ్, వీళ్లెవరు?" అని మొన్నొక విద్యార్థిని అడిగింది. ఆ రోజు పాఠం పక్కన పెట్టేసి వాళ్ల కథ చెప్పాను.

ఫిలడెల్ఫియాలో 1945లో అమెరికా సైన్యం ఆరుగురు యువతులను ఎనియాక్ మీద పనికి ఎంపిక చేసింది. అప్పటికి 'కంప్యూటర్' అంటే మనిషి, లెక్కలు కట్టే ఉద్యోగి. ఒక ఫిరంగి గుండు దారి లెక్కగట్టడానికి మనిషికి 30 గంటలకు పైనే పట్టేది. ఆ లెక్కను యంత్రానికి అప్పజెప్పాలి. చేతికి మాన్యువల్ ఇవ్వలేదు. రహస్యమని మొదట్లో యంత్రం ఉన్న గదిలోకీ రానివ్వలేదు. వైరింగ్ పటాలు ముందేసుకుని ఎవరికి వారే నేర్చుకున్నారు.

1946 ఫిబ్రవరిలో బహిరంగ ప్రదర్శన. ముందురోజు రాత్రికి కూడా ఒక తప్పు తేలలేదు. గుండు నేలకు తగలగానే లెక్క ఆగాలి, అది ఆగకుండా భూమిలోకి దిగిపోతూనే ఉంది! ఆరుగురిలో ఒకరైన బెట్టీ స్నైడర్ ఇంటికెళ్లి పడుకుంది. నిద్రలోనే జవాబు తట్టింది. తెల్లారి వచ్చి వేల స్విచ్‌లలో ఒకే ఒక్కటి మార్చింది. ప్రదర్శనలో, గుండు నేల చేరేలోపే లెక్క పూర్తయింది. అతిథులకు విందు జరిగింది. ఆ లెక్క రాసిన బెట్టీని, జీన్ జెన్నింగ్స్‌ని దానికి పిలవలేదు.

నాకు దీనికన్నా బాధ కలిగించేది ఇంకొకటుంది. 1980లలో క్యాథీ క్లైమన్ అనే విద్యార్థిని ఎనియాక్ ఫొటోల్లోని స్త్రీలెవరని అడిగితే, యంత్రం అందంగా కనబడాలని నిలబెట్టిన మోడళ్లన్నారట. ఆమె ఆ మాటతో ఊరుకోలేదు, వాళ్లనే వెతికి పట్టుకుని వాళ్ల కథ చెప్పించింది. 1997లో ఆరుగురికీ సాంకేతిక రంగ మహిళల 'హాల్ ఆఫ్ ఫేమ్'లో చోటు దక్కింది. అదే ఏడు బెట్టీకి, 2008లో జీన్‌కి ఇంజనీర్ల సంఘం ఐఈఈఈ వారి 'కంప్యూటర్ పయనీర్' పురస్కారం వచ్చింది. అప్పటికి జీన్‌కి 83 ఏళ్లు.

నన్నడిగిన విద్యార్థిని ఆ ఫొటో కింద ఆరుగురి పేర్లూ పెన్సిల్‌తో రాసుకుంది: కేథలీన్ మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. ఇప్పుడు ల్యాబ్‌లో ఎవరి లూప్ ఆగకపోయినా, పక్కవాళ్లు బెట్టీ పేరు తలుస్తున్నారు.