ఫాలోవర్లు ఎక్కువుంటే నమ్మేయాలా?

సాయంత్రం కాలేజీ బస్సు దిగి కాశిబుగ్గలో నిలబడ్డామనుకోండి. పక్కపక్కనే రెండు మిర్చి బండ్లు. ఒకదాని చుట్టూ పది మంది, ఇంకోదాని దగ్గర బండి ఆయన ఒక్కడే. మనం ఎటు పోతాం? జనం ఉన్న దగ్గరికే. రుచి ఇంకా చూడనే లేదు, అయినా డిసైడైపోయాం. మనతో కలిపి అక్కడ పదకొండు మంది అయ్యారు కాబట్టి, తర్వాత వచ్చేవాడూ అటే పోతాడు. ఇన్‌స్టాలో ఫాలోవర్ల నంబరు చేసే పని ఇదే.

దీన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. అమెరికాలో సల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు పెద్దగా ఎవరికీ తెలియని బ్యాండ్ల పాటలు 48 ఒక వెబ్‌సైట్‌లో పెట్టారు. 14 వేల మందికి పైగా విన్నారు. కొందరికి పాటలు మాత్రమే కనిపించాయి. మిగతావాళ్లను ఎనిమిది గుంపులు చేసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేశారో కూడా చూపించారు. 2006లో ఫలితాలు అచ్చయ్యాయి. నంబరు కనిపించిన చోట హిట్ పాటలు ఇంకా పెద్ద హిట్లయ్యాయి. తమాషా ఏంటంటే, ఏ పాట హిట్టన్నది గుంపు గుంపుకీ మారింది. చాలా మంచి పాట అడుగున పడటం, చెత్త పాట పైకెక్కడం అరుదే. మధ్యలో ఉన్నవాటికి మాత్రం ఏమైనా జరగొచ్చు.

అంటే నంబరు పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన మై విలేజ్ షో చూడండి. ఊరి మాట, ఊరి మనుషులతో ఏళ్ల తరబడి వీడియోలు చేస్తూ పోయారు. గంగవ్వ ఇంటింటికీ తెలిసింది. అక్కడ పని ముందు, నంబరు వెనకాల వచ్చింది.

కొనుక్కున్న నంబరుకు ఈ బలం ఉండదు. 10,000 ఫాలోవర్లున్న పేజీలో పోస్టుకు 50 లైకులంటే 0.5 శాతం. 800 మంది ఉన్న పేజీలో 120 వస్తే 15 శాతం. చూసినవాళ్లు స్పందిస్తే యాప్ ఆ పోస్టును కొత్తవాళ్లకు ఎక్కువగా చూపిస్తుంది. దొంగ అకౌంట్లు చాలావరకు లైకూ కొట్టవు, షేరూ చేయవు. పేజీ పెద్దగా కనిపిస్తూనే లోపల ఎండిపోతుంది.

ఇంతకన్నా పెద్ద నష్టం నమ్మినవాడిది. మా హాస్టల్లో ఒకడు రీల్‌లో చూసిన బెట్టింగ్ యాప్‌లో సెమిస్టర్ ఫీజు పోగొట్టుకున్నాడు. ఎందుకు నమ్మావురా అంటే, "లక్షల మంది ఫాలో అవుతున్రు, గంతమందిని మోసం చేస్తడా అనుకున్న" అన్నాడు. 2025 మార్చిలో హైదరాబాద్ పోలీసులు ఇలాంటి యాప్‌ల ప్రచారం మీద సినిమావాళ్లు, ఇన్‌ఫ్లుయెన్సర్లు కొందరిపై కేసులు పెట్టారు. అదే ఆగస్టులో, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. మావాడి ఫీజు మాత్రం తిరిగి రాలేదు.

అందుకే ఫాలో కొట్టే ముందు మూడు చూడండి. కామెంట్లలో నిజం మనుషులు మాట్లాడుతున్నారా? ఆ పేజీవాళ్లు చెప్పే విషయం వాళ్లకు నిజంగా తెలుసా? మనం నమ్మితే డబ్బు ఎవరి జేబులోకి పోతుంది? ఎంతమంది చూస్తున్నారో నంబరు చెబుతుంది. నమ్మాలా వద్దా అన్నది మనమే తేల్చుకోవాలి.