విన్నాకే యంత్రం

కారెంపూడిలో కార్తీక అమావాస్యకు పల్నాటి వీరుల ఉత్సవం ఐదు రోజులు. ఆ వీరగాథను ఆలిసెట్టి గాలెయ్య పాడగా రికార్డు చేసుకొనే, జీన్ రోఘైర్ 1982లో ఇంగ్లీషు గ్రంథం వెలువరించాడు. ఒక ఏడు ఆ శబ్దగ్రహణ బాధ్యత నా నెత్తినా పడింది.

ముగ్గురం వెళ్ళాం, ఎవరి పని ఏదో అనుకోలేదు. రాచగావు నాడు తీసినది రాత్రి విని చూద్దును గదా, పంబ మోతే గాని పాట మాట ఒక్కటీ దక్కలేదు!

"ఒకపూట ఉత్తినే వినండి బాబూ! ఎక్కడ ఆపుతామో, ఎక్కడ అందుకొంటామో తెలుస్తుంది" అన్నాడు పాడే పెద్దాయన.

రాయబారం పోతే మళ్ళీ ఏడాదికే. అయినా యంత్రం ముట్టలేదు, విన్నాను, రాసుకొన్నాను. మందపోరుకు గాయకుని దగ్గర ఒక మైకు, వాద్యాలకు ఎడంగా ఒకటి. కేవలం వినడానికే ఒక మనిషి. ఈసారి మాట మాటా దక్కింది.

నా దగ్గర రాయబారం లేదు. కాని పని వచ్చింది ఆనాడే.